బల్ల చెప్పిన దొంగసాక్ష్యం

నేను పాస్ చేసిన ల్యాప్‌టాప్ ఒక్కటి కూడా ఈ పంతొమ్మిదేళ్ళలో వేడెక్కిపోతోందన్న ఫిర్యాదుతో తిరిగి రాలేదు. ఈ మాట ఎవరూ అడక్కపోయినా చెప్పడం నాకు అలవాటు. మా కంపెనీలో మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన, కిటికీ లేని గది నాది. కొత్తగా తయారైన ప్రతి మోడలూ నా గదికి వచ్చి, నా బల్ల మీద మూడు గంటలపాటు ఊపిరి తిప్పుకోకుండా పనిచేసి, ఒంటికి అంటించిన వైర్ల ద్వారా తన జ్వరమెంతో నాకు చెప్పి, నా సంతకం పెట్టించుకున్నాకే బయటి ముఖం చూడాలి. నా నోటికి జడిసి ఆఫీసువాళ్ళు ముందర మేడమ్ అంటారు, వెనకాల కొలిమి అంటారు. రెండూ నాకు వినబడతాయి.

ఈ ఏడాది వచ్చిన మోడల్ పేరు పిట్ట. ఆ పేరు పెట్టింది మా డిజైనర్. అతన్ని మేమందరం సన్నాయి అంటాం. వాయించడం వచ్చని కాదు, ఏ వస్తువు చూపించినా ఇంకాస్త సన్నం చెయ్యమంటాడని. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెతను ప్రకటనకు వాడుకుందామని ముందే అనుకుని, కిలో కూడా బరువు లేని, వేలి మందం లేని పెట్టెలో, మా పెద్ద ల్యాప్‌టాప్‌లకు వాడే ప్రాసెసర్‌ను తెచ్చి కూర్చోబెట్టాడు.

నేను మొదట్లోనే తగువు పెట్టుకున్నాను. ప్రాసెసర్ ఎంత బలమైనదైతే అంత వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే రాగి గొట్టం కావాలి, ఫ్యాన్ కావాలి, ఫ్యాన్ పీల్చుకోవడానికి గాలాడే జాగా కావాలి. జాగా ఇస్తే పెట్టె లావవుతుంది. ఫ్యాన్ చిన్నది చేస్తే అది గింజుకుని తిరిగి చెవులకు చిల్లులు పొడుస్తుంది. బ్యాటరీ సంగతి సరేసరి. అవ్వా కావాలి బువ్వా కావాలంటే ఎలాగని మీటింగులో అందరి ముందూ అడిగేశాను. సన్నాయికి కోపం రాదు, అదొక్కటే అతనిలో నాకు నచ్చనిది. తన మాట నమ్మనక్కర్లేదని, తీసుకెళ్ళి నా బల్లనే అడగమని అన్నాడు.

అడిగాను. మూడు గంటలు పరిగెత్తించాను. వేగం చుక్క తగ్గలేదు. అడుగుభాగం నలభై ఒక్క డిగ్రీలు దాటలేదు, ఫ్యాన్ పెద్దగా అరవలేదు. నాకు మింగుడు పడలేదు గానీ, అంకెలకు ఎదురు చెప్పే మనిషిని కాను. సంతకం పెట్టేశాను. పెట్టాక, పరీక్షలు చేసేవాళ్ళకు కంపెనీ ఇచ్చే వెసులుబాటు ప్రకారం ఒక పిట్టను ఇంటికి తీసుకొచ్చి మా తోడికోడలి చేతిలో పెట్టాను.

ఆమె కోసమే తెచ్చాను. మా తోడికోడలు లెక్కల టీచరు. ఆరేళ్ళ క్రితం ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆమె రెండు చెవులూ పట్టుకుపోయింది. మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఎదురుగా ఒక్కరే నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిశారంటే కష్టం. అందుకని, విన్న మాటను విన్నట్టే అక్షరాలుగా తెర మీద చూపించే ప్రోగ్రాం ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చదువుకుంటుంది. ఇంట్లో ఎవరైనా ఆ ప్రోగ్రాం వెయ్యకముందే గబగబా మాట్లాడితే, చెవిటివాడి ముందు శంఖం ఎందుకు ఊదుతారని ఆమే అంటుంది. మేము నవ్వాలో లేదో తెలియక నిలబడితే, ముందు ఆమే నవ్వుతుంది.

శుక్రవారం ఆమెకు ఇంటర్వ్యూ ఉంది. వాళ్ళ స్కూలుకు హెడ్మిస్ట్రెస్ కావాలి. ముగ్గురు సభ్యుల బోర్డు, గంటసేపు ప్రశ్నలు. ఇది మూడోసారి. మొదటిసారి ఏ యంత్రమూ లేకుండా వెళ్ళింది. రెండోసారి తన పాత ల్యాప్‌టాప్ మోసుకెళ్ళింది. అందులో ప్రాసెసర్‌కు సత్తువ లేదు, ఫ్యాన్‌కు మాత్రం గొంతుంది. మైకుకు మనుషుల మాట కన్నా ఆ ఫ్యాన్ మోతే ఎక్కువ వినబడి, తెర మీద అర్థంపర్థం లేని అక్షరాలు రాలాయి. రెండుసార్లూ ఉత్తరంలో ఒకే ముక్క వచ్చింది, సంభాషణలో ఇబ్బంది అని. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది. అంటే ఈ శుక్రవారం పోతే ఇక లేదు. ఇరవై మూడేళ్ళుగా ఆ స్కూల్లో ఏ పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోతుందో కూడా తెలిసిన మనిషి, తనకన్నా పదేళ్ళ తర్వాత చేరినవాళ్ళ కింద పనిచేయాలి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర రిహార్సల్ పెట్టుకున్నాం. మా ఆయన తనను తాను చైర్మన్‌గా నియమించుకుని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కోటు వేసుకుని వచ్చారు. నేనొక సభ్యురాలిని, మా మరిది ఇంకొకడు. పిట్ట ఆమె ముందుంది. మొదటి పది నిమిషాలూ నాకు గర్వంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. మా నోట్లోంచి మాట ఊడిపడకముందే తెర మీద ఉంటోంది. ముగ్గురం ఒకరి మాట మీద ఒకరం పడ్డా ఎవరి వరుస వాళ్ళకు విడగొట్టి చూపించింది.

పన్నెండో నిమిషం దాటాక ఫ్యాన్ మొదలైంది. తర్వాత ఆమె జవాబులు ఆలస్యం అవడం మొదలైంది. నేను గమనించలేదు. లెక్కల్లో ఎంతమంది పాసవుతున్నారని మా ఆయన అడిగారు. ఆమె తెర వంక చూస్తూ ఆలోచిస్తోందనుకుని, మా మరిది తన ప్రశ్న వేసేశాడు, తోటి టీచర్లలో ఎంతమందితో గొడవపడ్డావని. అప్పుడు ఆమె తల ఎత్తి, ఎంతో హుందాగా జవాబు చెప్పింది.

"నూటికి తొంభై ఆరు మందండి. ఆ మిగతా నలుగుర్ని కూడా ఈ ఏడాది వదిలిపెట్టను."

మేము పగలబడి నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను, దాచుకోవడమెందుకు. ఆమె మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తెర మీదికి మా మరిది ప్రశ్న అప్పుడే దిగింది. చదివి, మెల్లగా మూత వేసింది. శుక్రవారం ఆ గదిలో కూడా ఇలాగే నవ్వుతారు కదా అంది.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. తప్పు ప్రోగ్రాందని అన్నాను. మా మరిది నోట్లో మాట నోట్లోనే నములుతాడు, తప్పు వాడిదన్నాను. నేను పరీక్ష చేసిన మిషనని, నా సంతకం ఉందని గట్టిగా అరిచాను. ఆమెకు వినబడదని తెలిసీ అరిచాను. ఆమె నా పెదాలు చూస్తోంది.

సోమవారం అదే పిట్టను ఆఫీసుకు పట్టుకుపోయి నా బల్ల మీద పెట్టి, అదే ప్రోగ్రాం వేసి, వార్తలు చదివే గొంతులు మూడు గంటలు వినిపించాను. తు.చ. తప్పకుండా రాసింది. ఒక్క మాట కూడా ఆలస్యం కాలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెడితే పదమూడో నిమిషానికి చతికిలబడింది. ఇంట్లో పిల్లి, వీధిలో పులి అంటారే, ఇది అచ్చంగా అదే. ఇంటి కరెంటు చూశాను. గది వేడి చూశాను, ఆఫీసుకన్నా రెండు డిగ్రీలే ఎక్కువ. ప్రోగ్రాం చెరిపి మళ్ళీ వేశాను. పదమూడో నిమిషం, మళ్ళీ పదమూడో నిమిషం.

మంగళవారం మధ్యాహ్నం నా గదిలో ఇంకోసారి మూడు గంటలు నడిపించి, మళ్ళీ పాసైన పిట్టను విసుగ్గా పక్కకు లాగి, అలసిపోయి ఆ ఖాళీ జాగాలో అరచెయ్యి ఆనించాను. బల్ల వెచ్చగా ఉంది. చెయ్యి ఇంకా పక్కకు జరిపాను. అక్కడా వెచ్చగానే ఉంది. మూరెడు దూరం వరకూ వెచ్చగా ఉంది.

నా బల్ల స్టీలుది. మందపాటి రేకు. నేను ఉద్యోగంలో చేరిన నెలలో, చెక్కబల్ల అయితే నిప్పంటుకుంటుందని పేచీ పెట్టి మరీ చేయించుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా దాని మీద గీత పడనివ్వలేదు. ఇన్నాళ్ళూ వచ్చిన ల్యాప్‌టాప్‌లకు కింద ప్లాస్టిక్ ఉండేది, ఎత్తుగా నాలుగు రబ్బరు కాళ్ళుండేవి. బల్లకూ వాటికీ మధ్య గాలి ఆడేది, బల్ల ఏదైనా ఒకటే. సన్నాయి ఈ పిట్టకు అడుగు కూడా లోహంతోనే వేశాడు, సన్నదనం కోసం కాళ్ళు బియ్యపుగింజంత చేశాడు. దాంతో అది దాదాపు స్టీలు మీదే పడుకుని, తన వేడినంతా నా బల్లలోకి దింపేస్తోంది. అంత చిన్న ఫ్యాన్ చెయ్యలేని పని నా బల్ల చేసిపెట్టింది. ఇంట్లో భోజనాల బల్ల చెక్కది, అది వేడిని లాక్కోదు. నేను ల్యాప్‌టాప్‌కు కాదు, ల్యాప్‌టాప్‌కూ బల్లకూ కలిపి మార్కులేశాను. లోకంలో ఎవరూ స్టీలు బల్లను సంచిలో పెట్టుకుని తిరగరు.

ఒళ్ళు మండిపోయింది, తిట్టడానికి మాత్రం నేను తప్ప ఎవరూ దొరకలేదు.

దీనికి వైద్యం నాకు తెలుసు. పిట్టలో ఉన్న ప్రాసెసర్ మాటలను అక్షరాలు చెయ్యడానికి తన బలమంతా వాడనక్కర్లేదు. కానీ ఇచ్చినంతా తినే రకం అది. మొదట నలభై వాట్లూ మింగి పరిగెడుతుంది, ఒళ్ళు కాలేసరికి కూలబడుతుంది, కాస్త చల్లారగానే మళ్ళీ లేచి పరిగెడుతుంది. ఈ పడిలేవడంలో మాటలు వెనక పేరుకుపోతాయి. దాన్ని మొదటినుంచీ పన్నెండు వాట్లకు కట్టేస్తే పరుగుండదు, పడడమూ ఉండదు. ప్రతి మాటా ఒక సెకను ఆలస్యంగా వస్తుంది, కానీ గంటైనా రెండు గంటలైనా ఆ ఒక్క సెకనే. పాత ల్యాప్‌టాప్ ప్రాణం పెట్టి పరిగెత్తినా ఈ నడకను అందుకోలేదు. బలమైన ప్రాసెసర్ దండగేం కాదు, దాని చేత పరుగు తీయించడమే దండగ.

అయితే ఒక చిక్కుంది. పాసైన మోడల్ పవర్ సెట్టింగు ముట్టుకునే హక్కు మా కంపెనీలో ఎవరికీ లేదు. అది నేను పెట్టించిన రూలే. ముట్టుకోవాలంటే, పరీక్ష తప్పని నేను రాసిచ్చి నా సంతకం వెనక్కి తీసుకోవాలి. పిట్ట బజారులోకి రావడానికి పది రోజులుంది. అట్టపెట్టెలన్నీ అచ్చయిపోయాయి. అన్నిటి మీదా చిన్నవాటిలో ఇదే బలమైనదని, నా పరీక్ష అంకెలతో సహా ఉంది.

బుధవారం పొద్దున్నే కంపెనీ యజమానురాలి గదికి వెళ్ళాను. సన్నాయిని కూడా పిలిపించమన్నాను, చాటుగా చెప్పడం నాకు చేతకాదు. తప్పు పిట్టది కాదని, నా బల్లదని, బల్ల తెచ్చింది నేనేనని ఉన్నదున్నట్టు చెప్పి కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే బల్ల కదా, మరి పాతవాటి సంగతేమిటని అడిగింది. రాత్రి చెక్కబల్ల మీద నాలుగు పాత మోడళ్ళు పెట్టి చూశానని, వాటికి తేడా లేదని, మిగతావి కూడా ఈ నెలలో చూస్తానని చెప్పాను.

సన్నాయి తన పిట్టను వదులుకోవడానికి సిద్ధంగా లేడు. అతను చెప్పిందాంట్లోనూ న్యాయముంది. జనంలో చాలామంది ఒక ఫోటో తెరుస్తారు, ఒక ఉత్తరం రాస్తారు, మూసేస్తారు. వాళ్ళ పనంతా రెండేసి నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు ఈ పరుగే కావాలి, దీన్ని నడిపిస్తే వాళ్ళకు నచ్చదు.

"పది మందిలో తొమ్మిది మందికి ఈ తేడా జన్మలో తెలీదు మేడమ్," అన్నాడు.

"పదో మనిషి మా ఇంట్లోనే ఉంది నాయనా. దానికి తెలిసింది," అన్నాను.

అతను నావైపు చూశాడు. ఎవరన్నాడు. చెప్పాను. ఆదివారం నూటికి తొంభై ఆరు అన్నదీ, మేము నవ్విందీ కూడా చెప్పాను. సన్నాయి తన చేతిలో ఉన్న పిట్ట అడుగున ఆ బియ్యపుగింజ కాళ్ళను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. తర్వాత, పరుగు, నడక అని రెండు పద్ధతులు పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళని ఎంచుకోనివ్వచ్చని, సాయంత్రానికి చేసిస్తానని అన్నాడు. మొదటిసారి ఆన్ చేయగానే ఏది కావాలని మిషనే అడుగుతుంది. అట్టపెట్టెల మీద కొత్త అంకెలు, చెక్కబల్లవి, అంటించాలని యజమానురాలు తేల్చేసింది. బజారులోకి నెల ఆలస్యంగా వెళ్ళినా పరవాలేదట. నేను వెళ్ళబోతుంటే ఆవిడ వెనక్కి పిలిచి, ఆ స్టీలు బల్లను ఏం చేస్తానని అడిగింది. క్యాంటీన్‌కు ఇచ్చేయమన్నాను. వేడి బాగా లాగుతుంది, టీ తొందరగా చల్లారుతుంది.

గురువారం సాయంత్రం నడక మీద పెట్టిన పిట్టను భోజనాల బల్ల మీద రెండు గంటలు వదిలేసి, మేము ముగ్గురం గొంతులు పోయేదాకా వాగాం. ఫ్యాన్ అసలు తిరిగిందో లేదో నాకు తెలియలేదు. మా తోడికోడలు మొదట ఆ ఒక్క సెకను ఆలస్యాన్ని చూసి పెదవి విరిచింది. గంట గడిచేసరికి దానికి అలవాటు పడిపోయింది. పన్నెండో నిమిషంలోనూ, తొంభయ్యో నిమిషంలోనూ అదే సెకను కనక తనకు లెక్క కుదిరిందని, ఎదుటివాళ్ళు ప్రశ్న ముగించాక ఒక్క ఊపిరి తీసుకుంటే చాలని చెప్పింది. టీచరు కదా, దేన్నైనా లెక్కలోకి తెచ్చుకుంటే ఆమెకిక భయముండదు.

శుక్రవారం నేను సెలవు పెట్టి ఆమెతో వాళ్ళ స్కూలుకు వెళ్ళాను. నడవాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూశారు. లోపల ఏం జరుగుతోందో ఒక్క ముక్క వినబడదు. రెండు చెవులూ బాగున్న నేను, ఆ గంటసేపూ గోడలకేసి చూస్తూ కూర్చున్నాను. ఆరేళ్ళుగా ఆమె ప్రతి గదిలోనూ ఇలాగే కూర్చుంటోందని అప్పుడు తోచింది, ముందు ఎప్పుడూ తోచనందుకు నా మీద నాకే చిరాకేసింది.

తలుపు తెరుచుకుంది. ఆమె మామూలుగానే నడిచొచ్చి పిట్టను నా ఒళ్ళో పెట్టింది. ఏమైందని అడిగాను. చదువుకోమని సైగ చేసి నా పక్కన కూర్చుని చెప్పులు విప్పుకుంది. ఆ ప్రోగ్రాం విన్నదంతా నిమిషాలూ సెకన్లతో సహా దాచిపెడుతుంది. ముందు నేను చేసిన పని, ఆలస్యాలు వెతకడం. ఎక్కడా లేవు. అడిగినదానికి అడిగినట్టు ఆమె జవాబులున్నాయి. మంచి జవాబులు. ఒక చోట చైర్మన్‌కు హాజరు శాతం తప్పు లెక్క వేశారని కూడా చెప్పింది.

యాభై రెండో నిమిషం దగ్గర నా కన్ను ఆగింది. ప్రశ్నలు అయిపోయాయి, ఆమె కాగితాలు సర్దుకుంటోంది కాబోలు. ఆ సందులో ఒక సభ్యుడు పక్కనున్నావిడతో గుసగుసగా అన్నట్టున్న మాట తెర మీద ఉంది. ఆమె తెర ఇంకా చూస్తోందని అతను అనుకుని ఉండడు. ఫ్యాన్ మోత ఉంటే ఆ గుసగుస మైకుకు అందేది కాదు, అది నాకు తెలుసు.

"అన్నీ బాగానే చెప్పింది, పాపం. కానీ రేపు పిల్లలు వెనకనుంచి పిలిస్తే ఏం చేస్తుంది?"

ఒక సెకను తర్వాత, ఆమె మాట.

"వెనకనుంచి మాట్లాడేవాళ్ళని ముందుకొచ్చి మాట్లాడమంటానండి. పిల్లలైనా, పెద్దలైనా."

ఆ తర్వాత ఏమీ లేదు. తెర ఖాళీ. పక్కన సెకన్ల లెక్క మాత్రం ఉంది, ఐదు, పది, ఇరవై ఒకటి. సరిగ్గా ఇక్కడే ఆగిపోయిందా ఈ దరిద్రపు మిషను అనుకున్నాను. ఆగింది మిషను కాదు. ఆ గదిలో ఇరవై ఒక్క సెకన్లపాటు ఎవరికీ నోట మాట రాలేదు. తర్వాత చైర్మన్ మాట ఉంది, వచ్చే నెల ఒకటో తారీకున చేరగలరా అని.

నేను తల ఎత్తాను. గట్టిగా అరవాలో మెల్లగా చెప్పాలో తెలియక, ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా ముఖం చూసి, ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టేసుకుంది.

"ఏడవడానికి ఇంటికెళ్దాం పద అక్కా," అంది. "ఇక్కడ నేను హెడ్మిస్ట్రెస్‌ని."